అరచేతి మీద క్వింటాలు గాలి



మన మాటల్లో గాలికి పెద్ద మర్యాద లేదు. పట్టించుకోకుండా విడిచిపెట్టిన పనిని గాలికి వదిలేశారంటాం. ఆధారం లేని మాట గాలి కబురు. కుదురు లేనివాడు గాలికి తిరిగేవాడు. నెరవేరని ఆశలు గాలిమేడలు. నీళ్ళు తాగేసి పక్కన పెట్టినది ఖాళీ గ్లాసు, సామాను సర్దేసినది ఖాళీ గది. మనిషి వెళ్ళిపోయినప్పుడు మాత్రం ఊపిరి పోయింది అంటాం. అప్పుడు గానీ గాలి గుర్తుకు రాదు. చాలా ఏళ్ళు పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పాను. గాలి ఎక్కడుందర్రా అని అడిగితే పిల్లలు కిటికీ వైపు చూపించేవాళ్ళు. తాము కూర్చున్న గదినిండా ఉందని ఒక్కరూ అనేవాళ్ళు కాదు. అందుకే ఈవేళ గదిలోంచే మొదలుపెడతాను.

పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గది ఒకటి అనుకోండి. మంచం, బీరువా, ఫ్యాను అన్నీ తీసేయండి. అక్కడ మిగిలిన గాలిని తూకం వేయగలిగితే దాదాపు 33 కిలోలు తూగుతుంది. 25 కిలోల బియ్యం బస్తా కంటే ఎక్కువన్నమాట. ఇది ఒక్క గదిలోని గాలి. మన తలమీద గాలి పదడుగులతో ఆగిపోదు కదా! పైకి వెళ్ళినకొద్దీ పలచబడుతూ వందల కిలోమీటర్లు ఉంది. ఆ మొత్తం గాలి తన బరువంతా కిందికి మోపుతుంది. సముద్రమట్టం దగ్గర ఆ బరువు చదరపు సెంటీమీటరుకు కిలో. బొటనవేలి గోరంత చోటు మీద కిలో గాలి కూర్చుని ఉంటుంది. చెయ్యి చాచి పట్టుకోండి. వేళ్ళతో సహా అరచేతి మీద క్వింటాలుకు పైగా గాలి ఉంది.

మరి చెయ్యి కిందికి వంగిపోదేం? ఎందుకంటే గాలి అన్నివైపుల నుంచీ ఒకేలా తోస్తుంది. పైనుంచి ఎంత నొక్కుతుందో చేతి కిందనుంచీ అంతే ఎత్తుతుంది. మన ఒంట్లోని రక్తం, నీరు, ఊపిరితిత్తుల్లోని గాలి లోపలినుంచి బయటికి అంతే బలంతో తోస్తున్నాయి. పుట్టినప్పటి నుంచీ ఈ బరువుతోనే ఉన్నాం కాబట్టి అది ఉందన్న స్పృహ కూడా మనకు ఉండదు.

ఈ బరువు సంగతి మన మెట్ట రైతులకు పుస్తకాలు చదవకుండానే తెలుసు. సబ్‌మెర్సిబుల్ పంపులు రాకముందు బావి గట్టు మీద మోటారు పెట్టి నీళ్ళు తోడేవాళ్ళు. ఎండాకాలం వచ్చి నీళ్ళు లోతుకు దిగిపోయేవి. మోటారు మంచిదే, కరెంటూ ఉంది, పైపుకు చిల్లి లేదు, అయినా నీళ్ళు ఎక్కేవి కావు. అప్పుడేం చేసేవాళ్ళు? బావి లోపల చిన్న గట్టు కట్టి, మోకులు వేసి మోటారును కిందికి దించేవాళ్ళు. నీటికీ మోటారుకూ మధ్య ఇరవై, ఇరవై ఐదడుగులకు మించకుండా చూసుకునేవాళ్ళు. నీళ్ళను మోటారు పీలుస్తుందని మనం అనుకుంటాం. మోటారు చేసేది పైపులో గాలిని ఖాళీ చేయడం వరకే. నీళ్ళను పైపులోకి ఎక్కించేది బావిలో నీటి మీద మోపుకుని కూర్చున్న గాలి. దాని బలానికి ఒక హద్దుంది. ఎంత గొప్ప మోటారైనా, పైపులో గాలి మచ్చుకైనా లేకుండా తీసేసినా, 34 అడుగులకు మించి నీళ్ళు ఎక్కవు. కొబ్బరిబోండంలో గొట్టం పెట్టి తాగేటప్పుడు నీళ్ళను మన నోట్లోకి తోసేది కూడా ఆ గాలే.

ఇటలీలో ఫ్లారెన్స్ నగరపు బావుల దగ్గర కూడా ఇదే ఇబ్బంది వచ్చింది. దాని గురించి ఆలోచిస్తూ 1643లో టారిచెల్లి అనే ఆయన నీళ్ళ బదులు పాదరసం తీసుకున్నాడు. పాదరసం నీటికంటే 13.6 రెట్లు బరువు. కాబట్టి 34 అడుగుల నీటికి సరిపోయే పాదరసం రెండున్నర అడుగులే, అంటే 76 సెంటీమీటర్లు. ఒక చివర మూసిన గాజు గొట్టాన్ని పాదరసంతో నింపి గిన్నెలో తలకిందులుగా నిలబెడితే, పాదరసం సరిగ్గా అక్కడికి దిగి నిలిచిపోయింది. గాలి బరువును చూసే త్రాసు తయారైంది. దాన్నే మనం భారమితి అంటున్నాం. అయిదేళ్ళ తర్వాత, 1648 సెప్టెంబరులో, ఫ్రాన్సులో పాస్కల్ అనే గణితవేత్త తన బావగారిచేత ఆ గొట్టాన్ని ఒక కొండ మీదికి మోయించాడు. కొండ కిందికంటే శిఖరం మీద పాదరసం సుమారు మూడంగుళాలు దిగింది. ఎత్తుకు వెళ్ళినకొద్దీ తలమీద గాలి తగ్గుతుందని ఆ రోజుతో తేలిపోయింది.

మనకు ఆ ప్రయోగం తిరుమల ఘాట్ రోడ్డు మీద రోజూ జరుగుతుంది. బస్సు మలుపులు తిరుగుతూ ఎక్కుతుంటే చెవులు దిబ్బడ వేస్తాయి. గుటక వేస్తే టప్‌మని తెరుచుకుంటాయి. బయట గాలి తగ్గింది, చెవి లోపల కిందనుంచి తెచ్చుకున్న గాలి అలాగే ఉంది, రెండూ సర్దుకోవడానికి పడే పాట్లు అవి. కొండ సుమారు 850 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి బరువు సముద్రమట్టం కంటే దాదాపు పదో వంతు తక్కువ. చలువ కూడా తెలుస్తుంది. కిలోమీటరు ఎక్కితే సగటున ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది కాబట్టి తిరుపతిలో 40 ఉన్న రోజున కొండ మీద 35, 36 ఉంటుంది. సూర్యుడికి దగ్గరవుతూ ఉంటే చల్లబడడమేమిటని పిల్లలు అడిగేవాళ్ళు. చాలా మంచి ప్రశ్న. ఎండ గాలిని సూటిగా వేడి చేసేది తక్కువ. ఎండకు నేల కాగుతుంది, కాగిన నేల గాలిని కాస్తుంది. పొయ్యి కింద ఉంది. పైగా, పైకి లేచిన గాలి ఒత్తిడి తగ్గి విప్పారుతుంది, విప్పారే గాలి చల్లబడుతుంది. సైకిల్ ట్యూబు వాల్వు విప్పి, బుస్సుమని వచ్చే గాలికి వేలు అడ్డం పెట్టి చూడండి, చల్లగా తగులుతుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి మీరు మా రేడియోలో వినే మాటల్లోకి వస్తాను. బంగాళాఖాతంలో అల్పపీడనం, అది వాయుగుండంగా మారింది, తీవ్ర వాయుగుండమైంది, తుపానుగా బలపడింది. ఈ మాటలు మన కోస్తా పల్లెల్లో బడికి వెళ్ళని అవ్వకు కూడా తెలుసు. అల్పపీడనం అంటే అక్కడ గాలి బరువు చుట్టుపక్కల కంటే తగ్గిందని అర్థం. చుట్టూ వీచే గాలి గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, 62కు చేరితే తుపాను. సరే, ఎంత తగ్గితే ఎంత ఉపద్రవం? 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని హుద్‌హుద్ తుపాను తాకింది. మామూలుగా 1010 మిల్లీబార్ల దగ్గర ఉండే పీడనం ఆ తుపాను నడిబొడ్డున 950 ప్రాంతానికి పడిపోయింది. నూటికి ఆరు పాళ్ళు. అంత మాత్రానికే మహావృక్షాలు కూకటివేళ్ళతో లేచిపోయాయి, విమానాశ్రయం కప్పు ఊడిపోయింది.

నిజానికి తిరుమల కొండ మీద పీడనం అంతకంటే ఎక్కువే తగ్గుతుంది. అక్కడ తుపాను ఎందుకు లేదు? ఇది నన్ను చాలాకాలం ఆలోచింపజేసిన విషయం. నిలువునా గాలి పలచబడడం సహజం. కింది గాలి పైకి ఎగబాకుదామంటే దాని బరువే దాన్ని పట్టి కూర్చోబెడుతుంది. అడ్డంగా, ఒకే ఎత్తులో, ఒకచోటి కంటే ఇంకోచోట గాలి తగ్గితే మాత్రం ఆపేవాళ్ళుండరు. నాలుగు దిక్కుల నుంచీ గాలి అటు పరుగెడుతుంది. భూమి తిరుగుతూ ఉండడం వల్ల ఆ పరుగు తిన్నగా సాగదు, సుడి తిరుగుతుంది. మన వైపు ఆ సుడి ఎప్పుడూ గడియారపు ముల్లుకు ఎదురుదిశలోనే. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి వేల ప్రాణాలు తీసుకుపోయింది. సముద్రాన్ని ఊళ్ళ మీదికి నెట్టినది ఆ సుడిగాలే. గాలి కబురు అని తేలిగ్గా తీసిపారేయకూడనిది అల్పపీడనం కబురు.

ఇంత బరువున్న గాలిలో ఏమేమున్నాయి? ఆవిరిని పక్కన పెట్టి పొడిగాలిని చూస్తే, నూటికి 78 పాళ్ళు నత్రజని, ఇంచుమించు 21 పాళ్ళు ఆక్సిజన్. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఆర్గాన్. ఆ తర్వాత కార్బన్ డయాక్సైడ్, నియాన్, హీలియం వంటివి పిసరంత. నీటి ఆవిరి ఒక్కచోట ఒక్కలా ఉంటుంది. ఎడారి మీద దాదాపు లేనట్టే. మన కోస్తాలో జ్యేష్ఠమాసపు ఉక్కపోతలో నూటికి మూడు నాలుగు పాళ్ళదాకా వెళుతుంది.

ఇందులో ఆక్సిజన్‌కు వచ్చినంత పేరు నత్రజనికి రాలేదు. నాకు నత్రజని అంటేనే ఎక్కువ అభిమానం. మనం పీల్చిన ప్రతి గుక్కలో అయిదింట నాలుగు వంతులు అదే. ఎలా లోపలికి వెళ్ళిందో అలాగే బయటికి వస్తుంది. కానీ మన కండలో, పప్పులో, పాలల్లో ఉన్న మాంసకృత్తులు నత్రజని లేకుండా తయారుకావు. గాలిలో అంత ఉన్నా మొక్కలు దాన్ని నేరుగా తీసుకోలేవు. నత్రజని అణువులో రెండు పరమాణువులు ఒకదాన్నొకటి గట్టిగా పెనవేసుకుని ఉంటాయి, విడదీయడం మహాకష్టం. మెరుపు విడదీయగలదు. ఎరువుల కర్మాగారాలు వందల డిగ్రీల వేడి, వందల రెట్ల ఒత్తిడి పెట్టి విడదీస్తాయి. ఇవేవీ లేకుండా చల్లగా ఆ పని చేసే జీవి మన పొలంలోనే ఉంది.

వరి కోసిన మాగాణిలో మినుమో పెసరో పెరుగుతూ ఉంటుంది చూడండి. వేరుశనగ చేనైనా సరే. పూత దశలో ఒక మొక్కను తడిమట్టితో సహా మెల్లగా లేవదీసి, వేళ్ళను నీళ్ళలో జాడించండి. వేళ్ళ వెంట ఆవగింజంత, మిరియపు గింజంత బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు. మన రక్తానికి ఎర్రదనం ఇచ్చే పదార్థానికి దగ్గరి చుట్టం అక్కడ ఉంది. ఆ బుడిపెలో కాపురం ఉన్న బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఎరువుగా అందిస్తుంది, మొక్క దానికి పిండివంట పెడుతుంది. లోపల గులాబీ రంగు ఉంటే పని సాగుతున్నట్టు. జీలుగ, జనుము, పిల్లిపెసర చల్లి పూతకొచ్చాక దమ్ములో కలియదున్నే రైతు చేస్తున్నది ఆకాశంలోని నత్రజనిని మట్టిలోకి దించడమే.

ఆక్సిజన్ సంగతి వేరు. అది భూమితోపాటు పుట్టిన ఆస్తి కాదు. భూమి వయసు 450 కోట్ల ఏళ్ళకు పైమాట. అందులో దాదాపు సగం కాలం గాలిలో ఆక్సిజన్ లేనట్టే. సముద్రపు నీళ్ళలో ఉండే నీలి ఆకుపచ్చ నాచు ఎండను తిని, తనకు అక్కర్లేదని ఆక్సిజన్ వదిలేది. అది మొదట నీళ్ళలోని ఇనుమును తుప్పు పట్టించింది, ఆ తర్వాత గాలిలోకి చేరింది. గాలిలో అది నిలవడం మొదలై 240 కోట్ల ఏళ్ళయింది. చెరువు గట్టున పాకురు మీద కాలు జారితే విసుక్కుంటాం. మనం పీలుస్తున్నది ఆ జాతి పెట్టిన భిక్ష.

కొండ ఎక్కితే ఆక్సిజన్ శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. శాతం తగ్గదు. ఎవరెస్టు శిఖరం మీదా అదే 21. గాలే మూడో వంతుకు పలచబడుతుంది కాబట్టి ఒక్కో ఊపిరిలో దొరికే ఆక్సిజన్ కూడా మూడో వంతే. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు అమ్మాయి మాలావత్ పూర్ణ పదమూడేళ్ళ వయసులో, ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్‌తో కలిసి నిలబడినది అంత పలచటి గాలిలో. ఆ పిల్లల ఊపిరితిత్తులకు ఎంత మొక్కినా తక్కువే.

పిసరంత ఉన్న వాయువుల్లో హీలియం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దాని కథలో మన గుంటూరు ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. దాన్ని చూడడానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే ఖగోళవేత్త గుంటూరు వచ్చి మకాం వేశాడు. చీకటి కమ్మిన ఆ కొద్ది నిమిషాల్లో సూర్యుడి అంచున లేచే మంటల వెలుగును రంగులుగా విడదీసి చూశాడు. అదే రోజు మచిలీపట్నంలో మద్రాసు వేధశాల అధికారి పాగ్సన్ కూడా చూశాడు. ఆ ఏడాది పరిశీలనల్లో కనిపించిన ఒక పసుపుపచ్చ గీత భూమి మీద తెలిసిన ఏ పదార్థానిదీ కాదని తేలింది. ఆ పదార్థానికి సూర్యుడి గ్రీకు పేరు మీదుగా హీలియం అని పేరు పెట్టారు. భూమి మీద అది దొరికింది 1895లో. గాలిలో పది లక్షల పాళ్ళకు అయిదు పాళ్ళు. ఎందుకంత తక్కువ? హీలియం బాగా తేలిక. పై అంచుకు చేరినది మెల్లమెల్లగా భూమి పట్టు విడిపించుకుని అంతరిక్షంలోకి పోతుంది. నేల లోపల యురేనియం, థోరియం క్షయిస్తూ కొత్త హీలియం పుట్టిస్తుంటాయి కాబట్టి ఆ కాస్తయినా ఉంది. చంద్రుడి ఆకర్షణ చాలదు, అందుకే అక్కడ పీల్చడానికి గుక్కెడు గాలి నిలవలేదు.

ఇక కార్బన్ డయాక్సైడ్. పదివేలలో నాలుగు పాళ్ళు, అంతే. ఇంత తక్కువది ఏం చేయగలదని అడిగేవాళ్ళున్నారు. పుష్యమాసంలో ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి చలి ఎముకలు కొరుకుతుంది, లంబసింగిలో గడ్డి మీద మంచు పేరుకుంటుంది. అదే నెలలో మబ్బు పట్టిన రాత్రి అంత చలి ఉండదు. పగలు కాగిన నేల రాత్రి తన వేడిని పైకి వదులుతుంటే మబ్బు, నీటి ఆవిరి దాన్ని పట్టి కొంత వెనక్కి పంపిస్తాయి. కార్బన్ డయాక్సైడ్ కూడా ఆ పనే చేస్తుంది, పగలూ రాత్రీ, మబ్బున్నా లేకపోయినా. నత్రజనికీ ఆక్సిజన్‌కూ ఆ గుణం లేదు. ఈ దుప్పటి లేకపోతే భూమి సగటు వేడి సున్నాకు దిగువన 18 డిగ్రీలు ఉండేది. ఇప్పుడున్నది సున్నాకు ఎగువన 15 ప్రాంతం. దుప్పటి మంచిదే. మందం పెరిగితేనే ముప్పు. 1958లో హవాయి దీవుల్లో చార్లెస్ కీలింగ్ కొలవడం మొదలుపెట్టిననాడు పది లక్షల పాళ్ళకు 315. ఇప్పుడు 420 దాటింది. ఫ్యాక్టరీల కాలానికి ముందు 280 ఉండేది. ఈ తేడాలో ఎక్కువ భాగం బొగ్గు, పెట్రోలు తగలబెట్టి మనం చేర్చినదే. దీన్ని నేను మెత్తగా చెప్పలేను.

ఇప్పుడు పైకి వెళదాం. రోజూ ఉదయం అయిదున్నర ప్రాంతంలో, మళ్ళీ సాయంత్రం అయిదున్నర ప్రాంతంలో, ప్రపంచమంతటా వందల చోట్ల ఒకేసారి బెలూన్లు వదులుతారు. మన వాతావరణ శాఖ వదిలే చోట్లలో విశాఖపట్నం, హైదరాబాదు ఉన్నాయి. వదిలేటప్పుడు మనిషెత్తు ఉండే బెలూను, కింద వేలాడే చిన్న పెట్టె. వేడి, తేమ, పీడనం కొలుచుకుంటూ ఆ పెట్టె కిందికి కబురు పంపుతూ పోతుంది. దాని వెంట మనమూ పోదాం.

అయిదున్నర కిలోమీటర్లు ఎక్కేసరికి భూమి మీది గాలిలో సగం మన కాళ్ళ కిందికి వచ్చేసింది. నేల మీదైతే గంటన్నర నడక, అరామడ కూడా లేదు. ఈ మొదటి అంతస్తు పేరు ట్రోపో ఆవరణం. ధ్రువాల దగ్గర 8 కిలోమీటర్లు, మన నెత్తిన 16, 17. మన వానలు, వడగళ్ళు, ఈదురుగాలులు, పొగమంచు అన్నీ ఆమడ పైచిలుకు మందం ఉన్న ఈ గాలిలోనే. ఎక్కినకొద్దీ చల్లబడడం ఇక్కడి నియమం. ఆ నియమం అప్పుడప్పుడు తలకిందులవుతుంది. భోగినాడు తెల్లవారుజామున మంట వేసినప్పుడు పొగను గమనించండి. తిన్నగా లేచి, తాడిచెట్టంత ఎత్తుకు వెళ్ళాక, ఏదో కప్పు అడ్డం తగిలినట్టు పక్కలకు పరుచుకుంటుంది. రాత్రంతా చల్లారిన నేలకు ఆనుకున్న గాలి చల్లగా, దాని పైగాలి వెచ్చగా ఉంటుంది. చల్లగాలి బరువు, లేవలేదు. పొగ దాంట్లో ఇరుక్కుంటుంది. చలికాలం పొద్దున్నే నగరాల్లో గొంతు గరగరలాడడానికి ఇదో ముఖ్య కారణం.

బెలూను 17 కిలోమీటర్ల దగ్గరికి వచ్చేసరికి చలి సున్నాకు దిగువన 80 డిగ్రీలు. ఎండలకు పేరుపడిన మన నేల నెత్తిన ఉన్న గాలి ఆ ఎత్తులో ధ్రువాల మీది గాలికంటే కూడా చల్లన. ఈ విచిత్రాన్ని 1929లో మన వాతావరణ శాఖలో పనిచేసిన కె.ఆర్. రామనాథన్ లోకానికి చెప్పారు. అక్కడినుంచి చల్లబడడం ఆగిపోతుంది, పైకి వెళ్ళినకొద్దీ వేడెక్కుతుంది. ఫ్రాన్సులో టీసెరాన్ ద బోర్ రెండువందలకు పైగా బెలూన్లు ఎగరేసి, కొలతలు తప్పాయేమోనని మళ్ళీ మళ్ళీ చూసుకుని, 1902లో గానీ ఆ సంగతి బయటపెట్టలేదు. ఆయన ఓపికకు దండం పెట్టాలి. 50 కిలోమీటర్ల దాకా ఉండే ఈ రెండో అంతస్తు స్ట్రాటో ఆవరణం.

ఇక్కడ వేడికి కారణం ఓజోన్. సూర్యుడి అతినీలలోహిత కిరణాలను మింగి వేడెక్కుతుంది. ఆకాశంలో చెదిరి ఉన్న ఓజోన్‌నంతా సముద్రమట్టానికి దించి పరిస్తే మూడు మిల్లీమీటర్ల మందం. రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. ఆ రెండు బిళ్ళల మందమే లేకపోతే కిరణాలు మన చర్మాన్ని, కళ్ళను, పైరును దెబ్బతీస్తాయి. ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాల్లో వాడిన వాయువులు దాన్ని తినేస్తాయని 1974లో మొలీనా, రోలాండ్ హెచ్చరించారు. 1985లో దక్షిణ ధ్రువం మీద చిల్లు బయటపడింది. రెండేళ్ళకే, 1987 సెప్టెంబరు 16న, మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. మన దేశం 1992లో చేరింది. ఆ వాయువులు ఆగాయి, చిల్లు పూడుకునే దారిలో ఉంది. మనుషులు తలుచుకుంటే గాలిని బాగుచేయగలరనడానికి నా దగ్గరున్న గట్టి సాక్ష్యం ఇదే.

వాతావరణ శాఖ బెలూను 30 కిలోమీటర్ల దగ్గర గదంత ఉబ్బి పగిలిపోతుంది. అంతకంటే పైకి వెళ్ళే మహా బెలూన్లు హైదరాబాదులో టాటా ఇన్‌స్టిట్యూట్ వారి కేంద్రం నుంచి లేస్తాయి. 2005 ఏప్రిల్లో అలా ఎగిరిన ఒక బెలూను 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య గాలిని గొట్టాల్లో పట్టి తెచ్చింది. హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధనశాల శాస్త్రవేత్తలు, పుణే శాస్త్రవేత్తలు వెతికితే అందులో బతికి ఉన్న సూక్ష్మజీవులు దొరికాయి. మూడు అంతకుముందు ఎవరికీ తెలియని జాతులు. 2009లో ఇస్రో ఆ సంగతి ప్రకటించింది. ఒకదానికి ఆర్యభటుడి పేరు, ఒకదానికి ఇస్రో పేరు, మూడోదానికి ఖగోళవేత్త ఫ్రెడ్ హాయిల్ పేరు పెట్టారు.

ఆ పైన మీసో ఆవరణం, మళ్ళీ చలి. మనం చుక్క రాలిందనుకునేది అక్కడ కాలిపోయే ఉల్క. అక్కడికి బెలూను అందదు, ఉపగ్రహం అంత కిందికి దిగి తిరగలేదు. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్ళే దారిలో గాదంకి దగ్గర, కొండల నడుమ, 130 మీటర్ల చదరపు స్థలంలో 1024 యాంటెన్నాలు వరుసలు తీరి ఉంటాయి. ఆకాశంలోకి రేడియో తరంగాలు వదిలి, పైగాలి సుడుల నుంచి తిరిగొచ్చే అతి సన్నటి ప్రతిధ్వనిని వినే రాడార్ అది. ఆ దారిన చాలామంది వెళుతుంటారు. పైన గాలి ఎటు వీస్తోందో అక్కడ వింటున్నారని తెలిసినవాళ్ళు తక్కువ.

చివరి అంతస్తు సంగతి మా రేడియోవాళ్ళ సొంత సంగతి. 60 కిలోమీటర్ల పైన సూర్యకిరణాలు గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. ఆ విద్యుత్ పొరల పేరు ఐనో ఆవరణం. 1901లో మార్కోనీ సందేశం అట్లాంటిక్ దాటినప్పుడు, గుండ్రటి భూమి అడ్డమున్నా అది ఎలా చేరిందో ఎవరికీ అంతుబట్టలేదు. 1924లో ఇంగ్లండులో ఆపిల్టన్ ఒక రేడియో స్టేషను ప్రసారాన్నే ఉపయోగించి, పైనుంచి తరంగాలు తిరిగొస్తున్నాయని నిరూపించాడు. మీలో పెద్దవాళ్ళకు అనుభవమే. పగలు మీడియం వేవ్‌లో దగ్గరి కేంద్రమే పలుకుతుంది. రాత్రి పొద్దుపోయాక ముల్లు తిప్పితే ఎక్కడిదో తమిళం, ఎక్కడిదో హిందీ, సముద్రం అవతలి సింహళం. పగలు అట్టడుగు పొర మీడియం వేవ్ తరంగాలను మింగేస్తుంది. పొద్దు గుంకగానే ఆ పొర చెదిరిపోతుంది, పై పొర అద్దంలా తరంగాలను కిందికి తిప్పి పంపుతుంది. మీరు ఈ మాటలు రాత్రి పూట, ఏ పొరుగు రాష్ట్రంలోనో మీడియం వేవ్‌లో వింటున్నట్టయితే, నా గొంతు వంద కిలోమీటర్ల పైన గాలిని తాకి మీ దగ్గరికి దిగింది.

ఒక్క మనవి చేసి ముగిస్తాను. బెలూను పగిలాక పెట్టె పారాచూట్ మీద కిందికి వస్తుంది. మన పొలాల్లో, చెరువుల్లో, చెట్ల మీద పడుతుంది. హైదరాబాదు నుంచి ఎగిరే పెద్ద బెలూన్ల పరికరాలు కొన్నిసార్లు దూరపు జిల్లాల్లో దిగుతాయి. అలాంటిది మీ కంటబడితే భయపడకండి. విప్పకండి, తీగలు లాగకండి, పిల్లల్ని ముట్టుకోనివ్వకండి. కొన్నింటిలో విద్యుత్ ప్రమాదం ఉండవచ్చు, దాంట్లో ఉన్న కొలతలు మళ్ళీ దొరికేవి కావు. దాని మీద రాసిన కాగితం చదివి, దగ్గర్లోని పోలీస్ స్టేషనుకు గానీ తహసీల్దారు కార్యాలయానికి గానీ కబురు చేయండి.